కాంటా చిట్టీ వెనక

ఏప్రిల్ నెల. ఉడికిన వడ్ల వాసన
మిర్యాలగూడ మీద తడి గోనెలెక్క పరుచుకుంటది.
మిల్లు గొట్టం నుంచి రాలే ఊక బూడిద
నా రిజిస్టరు మీద, చాయ్ గ్లాసుల, కనుబొమ్మల మీద.
ధర్మకాంటా గదిల రాత్రి డ్యూటీ నాది.
లోడు బరువు, ఖాళీ బరువు, తీసివేత.
ఎనిమిదేండ్లుగా నాకు బువ్వ పెట్టేది తీసివేతే.

లారీకీ లారీకీ మధ్య
పాడైన చిట్టీల వెనక ఒక సంఖ్యను పెంచిన.
ఏడుతోని మొదలు.
పక్కన మూడు పెడితే డెబ్బై మూడు, విరగలేదు.
దాని పక్కన తొమ్మిది, విరగలేదు.
మళ్లీ మూడు. మళ్లీ తొమ్మిది.
ఒకటి. మూడు. ఇంకో మూడు.
కుండ కొనేటప్పుడు వేలితోని కొట్టి చూసినట్టు
మెట్టుమెట్టుకూ ఆగి కొట్టి చూసిన.
ఎక్కడా పగులు మోత రాలే.

7,39,39,133

ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షల
ముప్పై తొమ్మిది వేల నూట ముప్పై మూడు.
దీని వెనక రూపాయి లేదు, క్వింటాలు లేదు, ఎకరం లేదు.
ఏడుతోని భాగిస్తే రెండు మిగిలింది,
పదమూడుతోని ఎనిమిది,
ఇరవై మూడుతోని ఇరవై ఒకటి. అయ్యో, రెండు తక్కువాయె!
ఎనిమిది వేల ఆరువందల దరిదాపుల దాకా
వెయ్యికి పైగా ప్రధాన సంఖ్యలు,
బటన్ల మీది అంకెలు అరిగిపోయిన క్యాల్కులేటరు,
రాత్రికి నలభై కంటే ఎక్కువ సాగవు.
యాసంగి పంట సగం కాంటా దాటినంక గానీ
ఇది ఎవరికీ లొంగదని తేలలే.

హమాలీ మేస్త్రి జానయ్య చిట్టీని బల్బు కింద పట్టి చూసిండు.
"గివి రూపాయలైతే మా పదకొండు మందికి
తలా ఎంతొస్తది?"
అరవై ఏడు లక్షల ఇరవై ఒక్క వేల ఏడువందల ముప్పై తొమ్మిది.
నాలుగు మిగుల్తయి.
"నాలుగు రూపాయలకు బీడీ కట్ట గూడ రాదు.
అయినా బుగ్గరాములు నడుము పట్టి ఇంటికి వోయిండు,
పది మందిమే రాయి."

పదికి పంచితే చివరి మూడు జారిపోయి
తలా డెబ్బై మూడు లక్షల తొంభై మూడు వేల తొమ్మిదివందల పదమూడు.
జానయ్యా, నీ వాటా గూడ విరగని సంఖ్యే.
"నా వాటాను ఇంకో పది మందికి పంచితే?"
అదీ విరగది.
"ఆల్ల వాటా?"
అదీ.
పంచుకుంట పంచుకుంట పోయినం.
ప్రతిసారీ ఒక అంకె రాలి మిగులైతది,
మిగిలిన మొండెం మళ్లీ నిటారుగ నిలబడ్తది.
ఆఖరుకు ఏడు చేతికొచ్చింది.
జానయ్య ఆ ఏడు దిక్కు చానాసేపు చూసిండు.
బయట ట్రాక్టరోడు హారన్ కొడ్తనే ఉన్నడు.

తర్వాతెప్పుడో నల్లగొండ లైబ్రరీల
ఒక లావు పుస్తకంల కనబడ్డది.
తోక ఎన్నిసార్లు కోసినా చావని సంఖ్యలు
మొత్తం ఎనభై మూడేనట,
అన్నిట్లకెల్ల పెద్దది ఇదేనట.
నాకంటే ముందే ఎవరికో దొరికింది.
బస్సుల మిర్యాలగూడ వచ్చేదాక మనసు మంచిగ లేదు.
దిగినంక ఆకలైంది, మిర్చి బజ్జీ తిన్న.

పెద్దది ఎట్లైందంటే, దీని పక్కన ఇంకేదీ నిలవదు.
సరిసంఖ్య పెడితే రెండు తింటది, అయిదు పెడితే అయిదే.
ఒకటి పెట్టినా ఏడు పెట్టినా మూడొచ్చి రెండు చెక్కలు జేస్తది.
మూడూ తొమ్మిదీ కొన్నాళ్లు దబాయించినయి,
వాటి లోపల గూడ పగులున్నదట.

జానయ్య దాన్ని సుద్దముక్కతోని
కాంటా గది గోడ మీద రాసిపెట్టిండు,
ఒంకర మూళ్లు, బొర్రల తొమ్మిదులు.
తెల్లారి మిల్లు గుమస్తా వచ్చి
ఫోను చేతిల పట్టుకొని, బూడిద చెయ్యితోని తుడిచి, అడిగిండు:
"ఇది ఎవరి నంబరయ్యా?
చివరి రెండు అంకెలు చెరిగినట్టున్నయి."

చెరగలే సేటూ.
గంతే.